మెథోట్రెక్సేట్ చాలనప్పుడు: జాక్ మాత్రా, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షనా?

మా మేనత్తకి రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నాళ్లూ మెథోట్రెక్సేట్‌తోనే నెట్టుకొచ్చింది. పోయిన వానాకాలం నుంచి మాత్రం పొద్దున లేచాక రెండు గంటల సేపు పిడికిలి బిగించలేకపోతోంది, మణికట్లు వాచి వేడిగా ఉంటున్నాయి. డాక్టర్ గారు రెండు దారులు చెప్పారట, రోజూ మింగే జాక్ మాత్ర ఒకటి, చర్మం కింద పొడుచుకునే టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ ఇంకోటి, ఇంట్లో మాట్లాడుకుని వారంలో చెప్పమన్నారట. అత్తయ్య నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు పిల్లలకి ఈ కణాల పాఠాలే కదా చెప్తావు, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది.

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను, డాక్టర్ని కాదు. మందు రాయాల్సింది రుమటాలజిస్టే. కానీ ఈ ఎంపికలో సగం బయోకెమిస్ట్రీయే ఉంది, అది అర్థమైతే డాక్టర్ గారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. చాలామంది "ఏది పవర్‌ఫుల్" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో ఎటూ తేలదు. మందు కణంలో ఏ స్విచ్‌ని ఆపుతోంది, ఆ స్విచ్ మీద ఆధారపడిన మిగతా పనులేమిటి అని అడగండి. సైడ్ ఎఫెక్టుల్లో చాలా భాగం ఆ మిగతా పనులు ఆగిపోవడం వల్ల వచ్చేవే.

ఆ స్విచ్‌ల పేరే కైనేజ్‌లు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కి తగిలించే ఎంజైములు ఇవి, మన శరీరంలో 500కి పైగా ఉన్నాయి. ఫాస్ఫేట్ తగలగానే ఆ ప్రోటీన్ ఆకారం మారుతుంది, నిద్రపోతున్నది లేస్తుంది, లేదా లేచి ఉన్నది పడుకుంటుంది. ఫాస్ఫటేజ్ అనే ఇంకో రకం ఎంజైము వచ్చి ఆ ఫాస్ఫేట్‌ని పీకేస్తే మళ్లీ మామూలే. ఈ వేయడం తీయడం కనిపెట్టినందుకే ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకి 1992లో నోబెల్ వచ్చింది. ఇక ఆ ఏటీపీ ఉందే, దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అదే ఏడాది జర్మనీలో లోమాన్ విడిగా కనుక్కున్నాడు. ఇప్పటి టోఫాసిటినిబ్ లాంటి జాక్ మాత్రలు పనిచేసేదే కైనేజ్‌లో ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలో తాము కూర్చుని. అత్తయ్య పదకొండేళ్లుగా వేసుకుంటున్న మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారు నడిపిన పరిశోధన నుంచి వచ్చిందే. ఆవిడది పాలకొల్లు, ఈ మాట చెప్పగానే కాసేపు నొప్పి సంగతి మర్చిపోయి ఆయన గురించే అడిగింది.

కీలులో మంట ఎలా రగులుతుంది

రెండు దారులు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది టీఎన్‌ఎఫ్ దారి. టీఎన్‌ఎఫ్ అనే కబురు కణం తలుపు తట్టగానే లోపల టాక్-1 అనే కైనేజ్ లేస్తుంది, అది ఐకేకే అనే కైనేజ్‌ని లేపుతుంది. ఐకేకే వెళ్లి ఐ-కప్పా-బి అనే కాపలా ప్రోటీన్ మీద, 32, 36 స్థానాల్లో ఉన్న సెరీన్ అనే రెండు అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తు పడితే ఆ కాపలా ప్రోటీన్‌ని కణమే ముక్కలు చేసేస్తుంది. అప్పటిదాకా దాని పట్టులో ఉన్న ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ విడుదలై కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువుల్ని తెరుస్తుంది. ఈ ఎన్‌ఎఫ్-కప్పా-బిని 1986లో కనుక్కున్నవాళ్లు రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఏంటంటే, ఆ తెరిచిన జన్యువుల్లో కొత్త కాపలా ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు కూడా ఉంటుంది, అంటే మంట రాజేసేదే దాన్ని ఆర్పే నీళ్లు కూడా తెచ్చిపెట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పుండు మానగానే వాపు తగ్గిపోవడానికి ఇలాంటి బ్రేకులే కారణం. కీళ్లవాతంలో టీఎన్‌ఎఫ్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఆర్పినకొద్దీ మళ్లీ అంటుకుంటుంది.

రెండోది జాక్ దారి. మొదటి దారిలో తెరుచుకున్న జన్యువుల వల్ల కణం ఐఎల్-6 లాంటి కొత్త కబుర్లని బయటికి వదులుతుంది, అవి పక్క కణాల తలుపు తడతాయి. ఈ తలుపులకి సొంతంగా ఎంజైము ఉండదు. లోపలివైపు జాక్ కైనేజ్‌లు అతుక్కుని ఉంటాయి, కబురు రాగానే రెండు జాక్‌లు దగ్గరికొచ్చి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని, ఆ తర్వాత స్టాట్ అనే ప్రోటీన్‌కి తగిలిస్తాయి, స్టాట్ కేంద్రకంలోకి పోతుంది. జాక్‌లు మొత్తం నాలుగు: జాక్-1, జాక్-2, జాక్-3, టిక్-2. పదుల సంఖ్యలో కబుర్లు ఈ నలుగురి మీదే ఆధారపడి నడుస్తాయి.

కాబట్టి తేడా ఇదీ. టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ కణం బయటే ఒక్క కబురుని పట్టుకుని ఆపేస్తుంది. జాక్ మాత్ర కణం లోపలికి వెళ్లి, ఎన్నో కబుర్లు లోపలికి వచ్చే ద్వారాల్ని సగం సగం మూస్తుంది. టీఎన్‌ఎఫ్‌ని అది నేరుగా ముట్టుకోదు, దాని తర్వాతి గొలుసుని తెంచుతుంది.

మరి ఐకేకేనే నేరుగా ఆపే మాత్ర ఎందుకు లేదు అని మా స్టూడెంట్లు ప్రతి ఏడూ అడుగుతారు. ప్రయత్నించారు. ఐకేకే-బీటా లేని ఎలుక పిల్లలు లివర్ కణాలు చచ్చిపోయి పుట్టకముందే పోతాయి, ఎందుకంటే టీఎన్‌ఎఫ్ వచ్చినప్పుడు కణాన్ని బతికించే కబురు కూడా ఆ దారిలోనే వెళ్తుంది. పీ38 అనే ఇంకో కైనేజ్ మీద 1990ల నుంచి ఎన్నో కంపెనీలు మందులు చేశాయి, కీళ్లవాతంలో పరీక్షించాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంత ఉందో చూపించే రక్తపరీక్ష) కొన్ని వారాలు తగ్గి మళ్లీ పెరిగేది, లివర్ ఎంజైములు ఎక్కేవి, ఒక్కటీ మార్కెట్‌కి రాలేదు. పీ38 మంటతో పాటు మంట తగ్గించే ఏర్పాట్లని కూడా నడుపుతుందని తర్వాత అర్థమైంది. ఇంత చెప్పడానికి కారణం ఉంది. "ఎన్‌ఎఫ్-కప్పా-బిని ఆపుతుంది" అని రాసి పసుపు క్యాప్సూళ్లు అమ్ముతున్నారు, ప్లేట్‌లో పెంచిన కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ ఆ పని చేసిన మాట నిజమే, కానీ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కూరలో పసుపు హాయిగా వేసుకోండి, దాన్ని నమ్మి అసలు మందు మాత్రం ఆపకండి, కీలు ఒకసారి అరిగితే వెనక్కి రాదు.

ముందు ఒకటి తేల్చుకోండి

మెథోట్రెక్సేట్ నిజంగానే పనిచేయడం లేదా, లేక సరిగ్గా వాడలేదా? వారానికి 15 నుంచి 25 మి.గ్రా. వరకు పెంచి, కనీసం మూడు నెలలు చూశారా? మాత్ర పడకపోతే ఇంజెక్షన్ రూపంలో ఇచ్చి చూశారా? సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి చూశారా? ఇవన్నీ చవక, వీటితోనే కుదుటపడేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి, ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. నాలుగేళ్ల కిందట ఒక మందుల షాపులో కవర్ మీద "రోజుకి ఒకటి" అని రాసిచ్చారు, అత్తయ్య ఐదు రోజులు అలాగే వేసుకుంది, నోరంతా పుళ్లు, తెల్లకణాలు పడిపోయాయి, ఆస్పత్రిలో వారం ఉంచాల్సి వచ్చింది. అప్పటి నుంచి క్యాలెండర్‌లో ఆదివారాలకి ఎర్ర పెన్నుతో గుండ్రం చుడుతోంది. మీ ఇంట్లోనూ అలాగే చేయండి.

ఇవన్నీ చేసినా వాపు తగ్గకపోతేనే ఈ పోలిక.

పనిచేయడంలో తేడా ఎంత?

మీరు అనుకున్నంత లేదు. టోఫాసిటినిబ్‌ని అడాలిముమాబ్ అనే టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్‌తో పోల్చిన 2017 నాటి పరీక్షలో, రెండింటినీ మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఆరు నెలలకి లక్షణాలు సగం తగ్గినవాళ్లు వరుసగా 46 శాతం, 44 శాతం. మెథోట్రెక్సేట్ లేకుండా టోఫాసిటినిబ్ ఒక్కటే అయితే 38 శాతం. అంటే కొత్త మందు మొదలుపెట్టామని పాతదాన్ని మీ అంతట మీరు మానేయకూడదు. బారిసిటినిబ్, ఉపాడాసిటినిబ్ అనే ఇంకో రెండు జాక్ మాత్రలు మాత్రం అడాలిముమాబ్ కంటే కొంచెం ముందున్నాయి, పన్నెండు వారాలకి కనీసం 20 శాతం మెరుగైనవాళ్లు బారిసిటినిబ్‌తో 70 శాతం, అదే పరీక్షలో అడాలిముమాబ్‌తో 61 శాతం. ఉపాడాసిటినిబ్ పరీక్షలో 71, 63. ఈ ఎనిమిది తొమ్మిది శాతం తేడా కోసం, ఇప్పుడే చెప్పబోయే గుండె సంగతి పక్కన పెట్టడం నాకైతే సరైన లెక్కలా అనిపించదు. జాక్ మాత్రకి నిజంగా ఉన్న మంచి గుణం వేగం, చాలామందికి రెండు మూడు వారాల్లోనే పొద్దుటి బిగుతు తగ్గడం మొదలవుతుంది.

ఇక్కడే వయసు, గుండె గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పోలికలో అన్నిటికంటే బరువైనది ఇదే. 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకి దారితీసే కారణం కనీసం ఒకటి ఉన్న 4,362 మందిని, టోఫాసిటినిబ్ కొందరికి, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ కొందరికి ఇచ్చి దాదాపు నాలుగేళ్లు చూశారు. 2022 జనవరిలో వచ్చిన ఫలితాల్లో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు మాత్ర వాడినవాళ్లలో 3.4 శాతం, ఇంజెక్షన్ వాడినవాళ్లలో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2, 2.9. రోజుకి రెండుసార్లు 10 మి.గ్రా. మోతాదులో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కూడా పెరిగింది. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో ఈ తరహా మాత్రలన్నిటి మీదా గట్టి హెచ్చరిక పెట్టించింది, యూరప్‌లో 65 దాటినవాళ్లకి, పొగ తాగేవాళ్లకి, గుండె లేదా క్యాన్సర్ రిస్క్ ఉన్నవాళ్లకి వేరే దారి లేనప్పుడే వాడమన్నారు. శాతాలుగా చూస్తే తేడా చిన్నదే, వందమందిలో ఒకరు. కానీ ఆ ఒకరు అయ్యే అవకాశం సుగరు, బీపీ, సిగరెట్ మూడూ ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఎక్కువ, ముప్పై ఏళ్ల మనిషికి చాలా తక్కువ. అందరికీ ఒకటే భయం పెట్టుకోవడమూ తప్పే, అందరూ తేలిగ్గా తీసుకోవడమూ తప్పే.

ఇంజెక్షన్ వైపు బరువు టీబీ. టీబీ క్రిమిని మన ఒంట్లో ఏళ్ల తరబడి కణాలతో గోడ కట్టి బంధించి ఉంచుతాం, ఆ గోడని నిలబెట్టేది టీఎన్‌ఎఫ్. దాన్ని ఆపితే గోడ సడలుతుంది. మన దేశంలో నిద్రాణ టీబీ ఎంత మామూలో చెప్పనక్కర్లేదు, కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష లేకుండా మొదటి డోసు వేయించుకోవద్దు, హెపటైటిస్ బి, సి కూడా చూపించుకోండి. జాక్ మాత్రకి కూడా ఈ పరీక్షలన్నీ తప్పనిసరి, మాత్రే కదా అని వదిలేయొద్దు. నిద్రాణ టీబీ బయటపడినా తలుపు మూసుకుపోయినట్టు కాదు, నివారణ మందులు మొదలుపెట్టి కనీసం నెల గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. టీఎన్‌ఎఫ్ మందుల్లోనూ ఎటనెర్సెప్ట్‌కి టీబీ రిస్క్ అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ల కంటే తక్కువ. ఒక చిక్కు ఉంది, రిఫాంపిసిన్, రిఫాపెంటిన్ లాంటి టీబీ మందులు లివర్ ఎంజైముల్ని రెచ్చగొట్టి టోఫాసిటినిబ్, ఉపాడాసిటినిబ్‌లని ఒంట్లోంచి తొందరగా ఊడ్చేస్తాయి, ఆ కోర్సు నడుస్తున్నప్పుడు ఈ మాత్రలు వేసుకున్నా పెద్దగా పనిచేయవు.

అక్కి సంగతికొస్తే మాత్ర వైపే రిస్క్ ఎక్కువ. వైరస్‌ల మీద పోరాడే ఇంటర్‌ఫెరాన్‌ల కబుర్లు జాక్‌ల మీదుగానే వెళ్తాయి, వాటిని సగం మూసేస్తే నరాల్లో నిద్రపోతున్న చికెన్‌పాక్స్ వైరస్ లేస్తుంది. మన ఊళ్లలో అక్కి లేస్తే కుమ్మరి దగ్గరికి వెళ్లి జాజుతో రాయించుకోవడం ఇప్పటికీ ఉంది. ఈ మందు మీద ఉన్నప్పుడు మాత్రం ఒకవైపు నడుం మీదో ఛాతీ మీదో మంటగా పొక్కులు కనిపించగానే, మూడు రోజులు దాటకుండా డాక్టర్ని కలిసి వైరస్ మందు మొదలుపెట్టాలి. అక్కి రాకుండా రెండు డోసుల టీకా, జీవ వైరస్ లేనిది, 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, ఖరీదు ఎక్కువే కానీ వీలైతే మాత్ర మొదలుపెట్టే ముందే వేయించుకోండి.

ఐఎల్-6 కబురు మూసుకుపోతుంది కాబట్టి ఇంకో మెలిక. జ్వరం, సీఆర్‌పీ పెరగడం, రెండింటికీ ఆ కబురే ముఖ్యం. జాక్ మాత్ర మీద ఉన్న మనిషికి నిమోనియా ఉన్నా సీఆర్‌పీ మామూలుగా కనిపించవచ్చు, జ్వరం తక్కువగా ఉండవచ్చు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట చెప్పాల్సిన మాట "నేను ఈ మాత్ర వాడుతున్నాను" అని. ఎముక మజ్జలో ఎర్రకణాల్ని తయారుచేయమని చెప్పే ఎరిత్రోపొయెటిన్ కబురు జాక్-2 మీద వెళ్తుంది, అందుకే హిమోగ్లోబిన్ చూస్తుంటారు, కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది, మొదలుపెట్టిన రెండు నెలల్లోపు ఒకసారి చూడాలి.

జాక్ మాత్రకి అనుకూలంగా ఒకటి చెప్పాలి. టోఫాసిటినిబ్ రక్తంలో మూడు గంటలకి సగమవుతుంది, అడాలిముమాబ్ సగమవడానికి రెండు వారాలు పడుతుంది. డెంగీనో పెద్ద ఇన్‌ఫెక్షనో వచ్చి మందు ఆపాల్సి వస్తే, మాత్ర ఆపినవాళ్ల రోగనిరోధక శక్తి కొద్దిరోజుల్లో కోలుకుంటుంది. ఇంజెక్షన్ పొడిచాక వెనక్కి తీయలేం. అలాగే ఫ్రిజ్ గొడవ ఉండదు, ఎండాకాలం కరెంటు పోయినప్పుడు, బస్సులో ఊరెళ్లేటప్పుడు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్న టెన్షన్ ఉండదు. ఖర్చు కూడా, టోఫాసిటినిబ్ జెనరిక్‌లు వచ్చాక ఇంజెక్షన్లతో పోలిస్తే బాగా తగ్గింది, ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు బయోసిమిలర్ (అసలు ఇంజెక్షన్‌కి సాటిగా వేరే కంపెనీ చేసేది) అడగండి. 2014 చివర్లో ప్రపంచంలో మొట్టమొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్ వచ్చింది మన దేశంలోనే.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకి ఈ పోలిక ఒక్క మాటలో తేలుతుంది, జాక్ మాత్ర వద్దు, మెథోట్రెక్సేట్ కూడా ముందే ఆపాలి. టీఎన్‌ఎఫ్ మందుల్లో సెర్టోలిజుమాబ్ మావి దాటి బిడ్డకి చేరేది అతి తక్కువ.

మాత్రే అనుకుంటే ఏ మాత్ర? టోఫాసిటినిబ్ ముఖ్యంగా జాక్-1, 3ల మీద, బారిసిటినిబ్ 1, 2ల మీద, ఉపాడాసిటినిబ్ ఎక్కువగా జాక్-1 మీద పనిచేస్తాయని చెబుతారు, కానీ మనం మింగే మోతాదులో ఆ గీతలు అంత స్పష్టంగా ఉండవు. నేనైతే కిడ్నీ, మిగతా మందులు చూసి ఎంచుకుంటాను. బారిసిటినిబ్ ఎక్కువగా మూత్రంలో పోతుంది, కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి లేదా మానాలి. మిగతా రెండూ ఎక్కువగా లివర్‌లో కరుగుతాయి, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తోనో కొన్ని ఫంగస్ మందులతోనో వాటి మోతాదు ఒంట్లో పెరిగిపోతుంది. బారిసిటినిబ్ పేరు మనలో చాలామంది 2021 మేలో, రెండో వేవ్‌లో విన్నారు, హైదరాబాద్ నాట్కో కంపెనీ కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ వేరేవాళ్లదైనా తయారుచేసుకునే ప్రభుత్వ అనుమతి) అడిగింది, తర్వాత అసలు కంపెనీయే నాట్కోతో సహా కొన్ని భారతీయ కంపెనీలకి అనుమతి ఇచ్చింది. "కోవిడ్‌లో వేసుకున్నాం, ఏమీ కాలేదు" అని దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉన్నారు. అప్పుడు వాడింది ఎక్కువలో ఎక్కువ 14 రోజులు, కీళ్లవాతానికి వాడాల్సింది ఏళ్లు. ఆ రెండింటినీ పోల్చకండి.

అత్తయ్యకి 63, సుగరు ఉంది, బీపీ ఉంది, ఇగ్రా పాజిటివ్ వచ్చింది. నిద్రాణ టీబీ ఉన్నా సరే ఇంజెక్షన్ వైపే నేను చెప్పాను, ఎందుకంటే టీబీని ముందుగా మందులతో అడ్డుకోవచ్చు, ఆమె వయసుని, రక్తనాళాల్ని మార్చలేం. డాక్టర్ గారు కూడా అదే అన్నారు, నివారణ కోర్సు మొదలుపెట్టి నెల దాటాక ఎటనెర్సెప్ట్ బయోసిమిలర్ వారానికోసారి, మెథోట్రెక్సేట్ అలాగే కొనసాగింపు. మా స్టాఫ్‌రూమ్ మిత్రుడి తమ్ముడికి 34, మార్కెటింగ్ ఉద్యోగం, నెలలో ఇరవై రోజులు ఊళ్ల మీదే, పొగ తాగడు, టీబీ పరీక్ష నెగటివ్, ఇంట్లో గుండెజబ్బులు లేవు. అతనికి టోఫాసిటినిబ్ 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు రాశారు, నాకూ అదే సబబు అనిపించింది.

రెండింటిలో ఏదైనా మూడు నెలలకి కొంతైనా మార్పు కనిపించాలి, ఆరు నెలలకి అనుకున్నంత తగ్గాలి, లేకపోతే మందు మార్చమని మీరే అడగాలి. అత్తయ్యకి వచ్చే నెల పరీక్షలున్నాయి. ఇది పనిచేయకపోతే తర్వాత అడగబోయేది రిటుక్సిమాబ్ గురించి, అది రోగనిరోధక వ్యవస్థలోని బి-కణాల మీద పనిచేస్తుంది, టీబీ రిస్క్ కూడా తక్కువ. జాక్ మాత్ర ఆవిడ విషయంలో ఆ తర్వాతే.